ఆ రాత్రి ఏం జరిగింది?

పొద్దున పేపరు రాగానే నేను ముందు జిల్లా పేజీలు తిరగేస్తాను. చాలా ఏళ్ళ అలవాటు. ఎక్కడ కాలవకి గండి పడింది, ఏ రైతు బజారులో టమాటా ఎంత పలికింది, ఏ ఊళ్ళో తిరనాళ్ళు, ఇవన్నీ చూశాకే మొదటి పేజీకి వెళతాను. ఆ జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనబడుతుంది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, వార్త మాత్రం అదే. కాన్పుకి చేరిన అమ్మాయో, కడుపునొప్పికి ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడో, జ్వరమని సూది వేయించుకున్న నడివయసు మనిషో చనిపోయారు. డాక్టర్ల నిర్లక్ష్యమే కారణమంటూ బంధువులు ఆస్పత్రి ముందు బైఠాయించారు. పక్కన ఒక మసక ఫొటో, అందులో చేతులెత్తి ఏడుస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక లాఠీ పట్టుకుని ఎటో చూస్తున్న కానిస్టేబులు. చివర్లో, పెద్దలు జోక్యం చేసుకుని ఇరువర్గాలతో మాట్లాడటంతో ఆందోళన విరమించారు అని ఒక ముక్క. మర్నాడు ఆ ఊసు ఉండదు. నెల తర్వాతా ఉండదు. ఆ అమ్మాయి ఎందుకు చనిపోయిందో తేలిందా? తప్పు నిజంగా జరిగిందా, లేక ఎవరి చేతుల్లోనూ లేని ఉపద్రవమా? పెద్దలు ఏం మాట్లాడారు? ఎవరితో మాట్లాడారు? ఇంత చదివే అలవాటున్న నాకు, ఈ వార్తకి రెండో భాగం ఎన్నడూ ఎదురుపడలేదన్న సంగతి ఈ మధ్య మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆ రెండో భాగం ఎక్కడ జరుగుతుందో కొంత చూశాను. ఆస్పత్రులన్నీ ఒకే బజార్లో బారులు తీరి ఉండే ఊళ్ళు మనకి చాలా ఉన్నాయి. అలాంటి బజార్లో ఒకసారి, మందుల షాపు సగం షటరు దించి ఉండగా, జనంలో నేనూ నిలబడ్డాను. పోయింది పెళ్ళి కావలసిన పిల్లవాడు. మేడమీద కన్సల్టింగ్ గదిలో మాటలు నడుస్తున్నాయి. లోపలికి వెళ్ళినవాళ్ళలో వార్డు నాయకుడున్నాడు, కులపెద్ద ఉన్నాడు, ఆస్పత్రి తరఫున ఒక మేనేజరున్నాడు. మధ్యమధ్య ఒకరు కిందికొచ్చి మేనమామ చెవిలో ఏదో చెప్పి మళ్ళీ పైకి పోతున్నారు. లక్షల్లో మొదలైన అంకె మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉంది. వాళ్ళమ్మ మాత్రం మెట్ల పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. బయటికొచ్చిన ప్రతి తెల్లచొక్కానీ, ప్రతి నర్సునీ ఆపి ఒక్కటే అడుగుతోంది: "ఆ సూది ఎవరేశారమ్మా? ఏం సూదమ్మా అది?" ఎవరూ ఆగలేదు. సాయంత్రానికి ఒక స్టాంపు కాగితం తయారయింది. మాకు ఎవరి మీదా ఎలాంటి ఫిర్యాదూ లేదు, ముందుముందు ఉండబోదు అని అందులో రాసి ఉందని తర్వాత విన్నాను. ఆ తల్లి వేలిముద్ర కూడా తీసుకున్నారు. ఆమె అడిగిన మాటకి జవాబు ఆ కాగితంలో లేదు.

ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా దాని వెంటే మా పెద్దమ్మ గుర్తొస్తుంది. పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్‌కి చేరింది. రాళ్ళు తీసేశారు, కళ్ళు తెరిచింది, మంచినీళ్ళడిగింది. ఆ రాత్రి తెల్లవారుజామున పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. పోయిన ప్రతివాళ్ళకీ చివరికి గుండె ఆగిపోతుంది కదా, ఎందుకాగిందన్నదే కదా అడిగేది! మిగతా బిల్లు కట్టక్కర్లేదు, తీసుకెళ్ళండి అన్నారు. మా వాళ్ళు తీసుకొచ్చారు. మా పెదనాన్న ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయిన మనిషి. కండక్టర్లు స్టేజీ స్టేజీకీ టిక్కెట్ నంబర్లు రాసి తెచ్చే షీట్లు తనిఖీ చేస్తూ ఉద్యోగమంతా గడిపాడు. దినాలయ్యాక పట్టుబట్టి ఆస్పత్రి నుంచి కేస్ షీట్ జెరాక్సు తెప్పించుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి నర్సు నింపిన చార్టు చూపించాడు. గంట గంటకీ బీపీ, నాడి, ఊపిరి. పదింటికి ఒక వరస, పదకొండుకి ఒక వరస, అలా నాలుగు దాకా. అంకెలన్నీ ఒకే వాలులో, ఒకే పెన్నుతో, గీత మీద గీత పెట్టినట్టు ఉన్నాయి. నాలుగు తర్వాత ఖాళీ. ఆయన వేలు ఆ వరస వెంట పై నుంచి కిందికి మెల్లగా జరిగింది. "ఇది రాత్రంతా రాసింది కాదురా. తెల్లారాక కూర్చుని ఒక్కసారే నింపింది. బస్సు ఊగుతుంటే రాసిన అంకె వేరు, డిపోకొచ్చాక బల్ల మీద రాసిన అంకె వేరు. నాకు తెలుసు" అన్నాడు. తరవాత చాలాసేపు మాట్లాడలేదు. మళ్ళీ తనే, "రాత్రి ఎవరన్నా దాని దగ్గరికి వచ్చారో లేదో, అది తెలిస్తే చాలు" అన్నాడు.

మా అన్నయ్య కేసు వద్దన్నాడు. "కేసు వేస్తే అమ్మ తిరిగొస్తుందా నాన్నా?" అన్నాడు. తెలుగునాట ఈ మాట వినని ఇల్లుండదు. దానికి ఎదురు చెప్పగలిగిన వాళ్ళూ ఉండరు. అమ్మని అమ్ముకున్నట్టుంటుందన్న భయం కూడా ఆ మాట వెనక ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. డబ్బు పుచ్చుకుంటే దుఃఖం మైలపడుతుందనిపించడం మనిషితనమే. కానీ పెదనాన్న అడిగింది డబ్బు కాదే! ఆయన అడిగిన దాన్ని అడగడానికి చట్టంలో ముందుగా కనిపించే దారి మాత్రం నష్టపరిహారం దావాయే. ఈ చిక్కు ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని ఆ తర్వాత దొరికినప్పుడల్లా పాత తీర్పులు చదవడం అలవాటైంది.

వెనక్కి వెళ్ళినకొద్దీ ఆశ్చర్యంగా ఉంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వైద్యుల గురించి ఒక నిబంధన ఉంది. ప్రాణం మీదికొచ్చే జబ్బని అధికారికి తెలియజేయకుండా వైద్యం మొదలుపెట్టి, రోగి చనిపోతే మొదటి రకం జరిమానా. చేసిన పనిలో లోపం వల్ల చనిపోతే అంతకన్నా పెద్దదైన మధ్యమ జరిమానా. చెప్పకపోవడాన్నే ఒక నేరంగా విడదీసి చూశాడాయన. ఇంగ్లండులో మాత్రం 1808లో లార్డ్ ఎలెన్‌బరో అనే న్యాయమూర్తి, మనిషి చావు గురించి సివిల్ కోర్టులో నష్టమని ఫిర్యాదు చెయ్యడానికి వీల్లేదని తేల్చేశాడు. గుర్రబ్బండి బోల్తా పడి ఒకాయన భార్యకి దెబ్బలు తగిలాయి. నెల రోజులకి పోయింది. ఆ నెల రోజులూ భార్య తోడు కోల్పోయినందుకు భర్తకి పరిహారం ఉంది. ఆమె ఊపిరి ఆగిన క్షణం నుంచి ఏమీ లేదు. గాయం చేస్తే డబ్బు కట్టాలి, ప్రాణం తీస్తే అక్కర్లేదు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. రైళ్ళు వచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో లార్డ్ కాంప్‌బెల్ పేరుతో వచ్చిన చట్టం ఆ అన్యాయాన్ని సరిదిద్దింది. దాని నీడలోనే మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు అడగవచ్చంది. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ అందులో చోటు లేదు. చెల్లెల్ని కాన్పుకి తీసుకొచ్చి శవంతో వెనక్కి వెళ్ళే అన్నల్ని మన ఆస్పత్రుల ముందు ఎంతమందిని చూస్తాం!

తీర్పుల్లో నన్ను బాగా కదిలించినది 1953 నాటి సంగతి. రత్నగిరి జిల్లాలో పాల్‌షెత్ అనే ఊరి సముద్రపు ఒడ్డున ఇరవయ్యేళ్ళ కుర్రాడికి తొడ ఎముక విరిగింది. టాక్సీలో పడుకోబెట్టి రెండు వందల మైళ్ళ దూరం పుణె తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు పూర్తిగా మత్తివ్వకుండా, మనుషుల చేత బలంగా లాగించి ఎముక సరిచేశాడు. ఆ నొప్పికీ అదురుకీ కుర్రాడు ఆ రాత్రే పోయాడు. కొవ్వు రక్తనాళానికి అడ్డుపడి పోయాడని సర్టిఫికెట్ రాశారు. ఆ కుర్రాడి తండ్రి కూడా డాక్టరే. అందుకే ఆ సర్టిఫికెట్‌ని ఆయన నమ్మలేదు. అదే నాలాంటి వాడైతే? ఆ రాసిన నాలుగు ముక్కల ముందు తలవంచి వచ్చేసేవాణ్ణి. ఆయన దావా వేశాడు. కింది కోర్టు మూడు వేల రూపాయలు ఇప్పించింది. అవతలి డాక్టరు హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ వెళ్ళాడు. 1968 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మూడు వేలూ ఖాయం చేసింది. పదిహేనేళ్ళు! కొడుకు ఖరీదు మూడు వేలని ఆ తండ్రి అనుకుని ఉంటాడా? కొవ్వు అడ్డుపడటం వల్ల పోలేదు, లాగడం వల్ల పోయాడు అని దేశంలోకెల్లా పెద్ద కోర్టు చేత రాయించుకోవడానికే ఆ పదిహేనేళ్ళూ నిలబడ్డాడని నాకనిపిస్తుంది. వైద్యుడు కేసు తీసుకునేటప్పుడు, ఏ వైద్యం చెయ్యాలో నిర్ణయించేటప్పుడు, ఆ వైద్యం చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండి తీరాలని మన న్యాయస్థానాలు నేటికీ ఆ తీర్పునే ఎత్తి చెబుతుంటాయి.

ఔరంగాబాద్‌లో 1963లో కాన్పయిన తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. కడుపులో గుడ్డ మరిచిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆమె చనిపోయింది. అది సర్కారు ఆస్పత్రి. ఆ ఇంటివాళ్ళకి ముప్పై ఆరు వేల రూపాయలు ఇవ్వాలన్న మాట సుప్రీంకోర్టులో నిలబడేసరికి 1996 వచ్చింది. ఆ కాన్పులో పుట్టిన బిడ్డకి అప్పటికి ముప్పై మూడేళ్ళు నిండుతూ ఉండాలి.

మనకి దగ్గరి కేసు హైదరాబాదుది. 2002 జూలైలో ఒకాయన చలీ జ్వరంతో ఉన్న భార్యని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. ఆయన మలేరియా శాఖలో ఆఫీసరు. అక్కడ టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. మూణ్ణాలుగు రోజులకి పరిస్థితి విషమించి ఇంకో పెద్దాస్పత్రికి మార్చితే, రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. అప్పటికి చెయ్యి దాటిపోయింది. ఊరూరా తిరిగి జనం రక్తంలో మలేరియా వెతికించే శాఖలో పనిచేసే మనిషికి, తన ఇంట్లో దాన్ని పట్టుకోలేకపోయారన్నది ఎలా మింగుడుపడుతుంది? జిల్లా వినియోగదారుల ఫోరం రెండు లక్షల రూపాయలు ఇమ్మంది. రాష్ట్ర కమిషన్ నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేసింది. జాతీయ కమిషన్ కూడా వినలేదు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం మాటే సరైనదంది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం ఉండి తీరాలని లేదని, మలేరియా ఉన్న మనిషికి మలేరియా మందు ఇవ్వలేదన్నది కాగితాలే చెబుతున్నాయని తేల్చింది. ఇది చిన్న మాట కాదు. ఒక డాక్టరు తప్పు చేశాడని చెప్పడానికి ఇంకో డాక్టరు ముందుకు రావడమన్నది మన ఊళ్ళలో ఎంత అరుదో, ఆ తలుపు తట్టి వెనక్కొచ్చిన వాళ్ళకే తెలుస్తుంది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకుని ఉంటారు, ఒకే సంఘంలో సభ్యులై ఉంటారు.

ఆ రెండు లక్షల పక్కన ఇంకో అంకె పెట్టి చూడకుండా ఉండలేను. 1998లో అమెరికా నుంచి సెలవుల్లో కలకత్తా వచ్చిన అనూరాధా సాహాకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. చాలాకాలం ప్రభావం ఉండే స్టెరాయిడ్ ఇంజెక్షన్ రోజుకి రెండుసార్లు చొప్పున రాశారు. చర్మం పొరలు పొరలుగా ఊడిపోయే జబ్బు ముదిరి, మే 28న ముంబైలో ఆమె చనిపోయింది. వయసు ముప్పై ఆరు. పిల్లల మనస్తత్వం చదువుకున్న మనిషి. భర్త కునాల్ సాహా ఒహాయోలో డాక్టరు. ఆయన పదిహేనేళ్ళు పోరాడాడు. 2009లో నిర్లక్ష్యం రుజువైంది. 2013 అక్టోబరు 24న సుప్రీంకోర్టు 6.08 కోట్లు, దానికి వడ్డీ ఇమ్మంది. అన్నీ కలిపి పదకొండు కోట్లు దాటింది. మన దేశంలో వైద్యం తప్పుకి అంత పెద్ద మొత్తం అంతకుముందు ఎప్పుడూ పడలేదు. ఆయన పోరాటాన్ని నేను గౌరవిస్తాను. తనలాంటి వాళ్ళ కోసం ఒక సంస్థ కూడా పెట్టాడు. అయినా నా మనసు హైదరాబాదు ఇంటి దగ్గరికే పోతుంది. ఇద్దరూ భార్యలే. ఇద్దరికీ జరిగింది తప్పుడు వైద్యమే. ఒకరి ప్రాణానికి ఆరు కోట్లు, ఇంకొకరి ప్రాణానికి రెండు లక్షలు ఎలా అయ్యాయి? న్యాయమూర్తులు ప్రాణానికి వెల కట్టడం లేదని, ఆ మనిషి సంపాదన పోయినందువల్ల కుటుంబానికి కలిగిన లోటునే కొలుస్తున్నారని నాకు తెలుసు. తెలిసినా గొంతు దిగదు.

ఆ కొలత ఎలా ఉంటుందో చెబుతాను. రోడ్డు ప్రమాదాల కేసుల్లో 2009లో ఒకసారి, 2017లో ఒకసారి సుప్రీంకోర్టు లెక్క స్థిరపరిచింది. ముప్పై అయిదేళ్ళ మెకానిక్ నెలకి ఇరవై వేలు సంపాదిస్తున్నాడనుకోండి. ముందుముందు పెరిగే రాబడి కింద నలభై శాతం కలిపితే ఇరవై ఎనిమిది వేలు. భార్యా ఇద్దరు పిల్లలూ తల్లీ ఉంటే, తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. ఇరవై ఒక్క వేలు మిగిలింది. ఏడాదికి రెండు లక్షల యాభై రెండు వేలు. ఆ వయసుకి హెచ్చవేసే అంకె పదహారు. నలభై లక్షల ముప్పై రెండు వేలు. దాని మీద, 2017లో పెట్టిన లెక్క ప్రకారం, భార్యకి తోడు పోయినందుకు నలభై వేలు, అంత్యక్రియలకి పదిహేను వేలు, ఇలా కొన్ని చిల్లర పద్దులు. వైద్యం కేసుల్లో ఈ పట్టికని గుడ్డిగా వాడనక్కర్లేదని సాహా తీర్పు చెప్పింది గానీ, మొత్తం మీద ఆలోచన ఇదే దారిలో నడుస్తుంది. ఇంట్లో ఉండే ఆడమనిషి పోతే? 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో గృహిణి సేవకి నెలకి మూడు వేలని 2001లో లెక్కకట్టారు. 2021లో మన అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం మనిషి జస్టిస్ ఎన్.వి. రమణ, ఇలాంటి లెక్క గురించే రాస్తూ, మన దేశంలో ఆడవాళ్ళు జీతం లేని ఇంటిపనికి రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారని ప్రభుత్వ సర్వే అంకెలు ఎత్తి చూపారు. ఆ తీర్పు చదువుతుంటే పెద్దమ్మ చేతులు గుర్తొచ్చాయి. ఆవిడకి పట్టికలో ఏ వరస దక్కేదో నేనెప్పుడూ లెక్క వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి కూడా ఈ కొలతల్లోనే తేలుతుంది. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింద చచ్చుబడిపోయింది. ఆయన పందొమ్మిదేళ్ళు పోరాడి, చక్రాల కుర్చీలో వచ్చి సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకున్నాడు. 2009లో కోటి రూపాయలు ఇప్పించారు. న్యాయంగానే ఇప్పించారు, బతికున్న మనిషికి మందులు కావాలి, నర్సు కావాలి, వాటి ఖర్చు లెక్కకి అందుతుంది. పోయిన మనిషికి ఏమీ అక్కర్లేదు. అందువల్ల చావు చవకవుతుంది. ఎలెన్‌బరో మాటని చట్టం పక్కకి నెట్టి ఇంతకాలమైనా దాని ఛాయ ఇంకా కొంత మన లెక్కల్లో మిగిలే ఉందా అన్న అనుమానం నాకు పోదు.

ఇంతదాకా ఒకవైపే నిలబడి రాశాను. రెండో వైపుకి వెళ్ళకపోతే అబద్ధమాడినట్టవుతుంది. నా స్నేహితుడొకడు మత్తు డాక్టరు. మనిషిని నిద్రపుచ్చి మళ్ళీ లేపే పని. రెండోది జరగదేమోనన్న భయంతోనే ప్రతి పొద్దూ లేస్తానంటాడు. ఒకసారి ఇవన్నీ అడిగితే చాలాసేపు తలొంచుకుని కూర్చున్నాడు. "పేషెంటు పోయాక మేం లోపల గంటలకొద్దీ మాట్లాడుకుంటాంరా. ఎక్కడ ఆలస్యమైంది, ఏం చేసుండాల్సింది, అన్నీ. బయటికెళ్ళి ఆ మాట వాళ్ళకి చెప్పడానికి మాత్రం కాళ్ళు రావు. చెబితే గుంపు మీద పడుతుంది, చెప్పకపోతే కేసు పడుతుంది" అన్నాడు. వాడి భయం ఊహ కాదు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక ఒక తల్లి చనిపోతే, ఆస్పత్రి ముందు ధర్నా చేశారు, పోలీసులు డాక్టరమ్మ మీద ఏకంగా హత్య కేసు రాశారు. మర్నాడు ఆ డాక్టరమ్మ ఉరిపోసుకుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రాణాలు తీస్తుంది, ఆ సంగతి వైద్యం చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ రోజు అక్కడ ఎవరన్నా ఆగి, అసలేం జరిగిందని అడిగి ఉంటే? అడగకుండా శిక్ష వెయ్యడమూ, అడగకుండా రాజీ పడటమూ రెండూ ఒక్క గుంపు చేసే పనులే. డాక్టర్ల మీద దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలని ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం చేశారు. అద్దాలు పగలడం ఆగలేదు.

క్రిమినల్ కేసుల విషయంలో సుప్రీంకోర్టు 2005లో ఒక గీత గీసింది. లూధియానాలో ఊపిరాడని ముసలాయనకి తెచ్చి తగిలించిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది. ఇంకోటి తెచ్చేలోపు ఆయన పోయాడు. డాక్టర్ల మీద పెట్టిన క్రిమినల్ కేసుని కోర్టు కొట్టేసింది. జైలు శిక్షకి దారితీసే నిర్లక్ష్యం చాలా ఘోరమైనదై ఉండాలని, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా డాక్టర్ని నిందితుణ్ణి చెయ్యకూడదని చెప్పింది. సిలిండర్ ఖాళీగా ఉన్నందుకు ఆస్పత్రి సివిల్‌గా జవాబు చెప్పుకోవలసి రావచ్చునని కూడా అంది. నేను ఆ గీతతో ఏకీభవిస్తాను. చెయ్యి వణికే డాక్టరు ఎవరికీ పనికిరాడు. పోలీస్ స్టేషన్ ఈ ప్రశ్న అడగాల్సిన చోటు కాదు, చాలా కేసుల్లో. ఆస్పత్రి గేటూ కాదు. అయితే ఎక్కడ అడగాలి?

1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పుడు ఆ చోటు దొరికిందనుకున్నాం. డబ్బిచ్చి వైద్యం చేయించుకుంటే అడగొచ్చు. బీమా కంపెనీ కట్టినా, ఉద్యోగమిచ్చిన యజమాని కట్టినా అడగొచ్చు. కొందరికి డబ్బుకీ కొందరికి ఉచితంగానూ చేసే ఆస్పత్రిలో ఉచితంగా చేయించుకున్నవాళ్ళూ అడగొచ్చు. అందరికీ ఉచితంగా చేసే ఆస్పత్రిలో మాత్రం ఈ దారి మూసే ఉంది. అంటే జిల్లా ఆస్పత్రిలో చాప పరుచుకుని వరండాలో పడుకునే తల్లికి వినియోగదారుల కమిషన్ లేదు, మామూలు కోర్టులకే వెళ్ళాలి. ఔరంగాబాద్ వాళ్ళకి ఆ దారిలో ముప్పై ఏళ్ళు పట్టింది. పేదవాళ్ళకి ప్రశ్న అడిగే హక్కు ఇంత దూరంలో పెట్టడం అన్యాయం. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు డాక్టర్లు ఒక విషయం చెబుతారు. అక్కడ మసాచుసెట్స్ రాష్ట్రం 1986లోనే, ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి సానుభూతిగా పలికిన మాటని కోర్టులో పలికినవాళ్ళ మీద సాక్ష్యంగా వాడకూడదని చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు డాక్టర్ల మాటకీ అలాంటి రక్షణ ఇచ్చాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆస్పత్రి 2001 నుంచి ఇంకా ముందుకెళ్ళింది. తప్పు జరిగితే తామే కుటుంబాన్ని పిలిచి చెబుతారు, క్షమాపణ అడుగుతారు, పరిహారం తామే ఇస్తామంటారు. తప్పు లేదని తేలితే ఆ మాటా విడమరిచి చెబుతారు. అలా మొదలుపెట్టాక వాళ్ళ మీద దావాలు పెరగలేదు, తగ్గాయి. అక్కడి ఖర్చులు వేరు, కోర్టులు వేరు, అదంతా ఇక్కడికి ఎత్తుకురావాలని నేననను. కానీ అరుగు మీద కూర్చున్న ఆ తల్లి అడిగిన మాటకి ఒక డాక్టరు మెట్లు దిగొచ్చి, పక్కన కూర్చుని, ఈ సూది వేశామమ్మా, దీని కోసం వేశాం, ఇలా జరిగింది అని చెప్పి ఉంటే? ఆ మాటకి మన చట్టం కూడా రక్షణ ఇస్తే నా స్నేహితుడి కాళ్ళు కదలవా? మన దగ్గర అలాంటి రక్షణ లేదు. అది రావాలని డాక్టర్ల సంఘాలూ రోగుల తరఫు వాళ్ళూ కలిసి అడగవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

అది వచ్చేదాకా ఇది చదువుతున్న మీకు చెప్పుకునేది కొంచెమే. ఎవరింట్లోనూ ఈ అవసరం పడకూడదు. పడితే మాత్రం, ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో తెచ్చిన స్టాంపు కాగితం మీద ఆ సాయంత్రమే సంతకం పెట్టకండి. మళ్ళీ కోస్తారన్న బాధతో పోస్టుమార్టం వద్దంటారు మనవాళ్ళు. ఆ బాధ నిజమే, కానీ కారణం ఇదీ అని తర్వాత చెప్పగలిగేది చాలాసార్లు అదొక్కటే. కేస్ షీట్ కావాలని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా డాక్టరు ఆ రికార్డులు ఇవ్వాలి, మూడేళ్ళపాటు వాటిని భద్రపరచాలి. వినియోగదారుల కమిషన్‌లో వకీలు లేకుండా మీరే మాట్లాడవచ్చు. వైద్యానికి కట్టిన డబ్బు యాభై లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు, అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మా ఇంట్లో అందరూ కోలుకుని ఆలోచించేసరికి గడువు దాటిపోయింది. ఆ గడువు రెండేళ్ళు.